ఆడపిల్లల హక్కుల కోసం కేసులు నడిపే సంస్థల్లో అసలు పని ఎవరు చేస్తారు?

లా ఫైనలియర్, హనుమకొండ:

అందరికీ నమస్కారం. ఎల్‌ఎల్‌బీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఈ మధ్య మూట్ కోర్టు (కాలేజీలో జరిపే నమూనా వాదనల పోటీ) కోసం ఇండిపెండెంట్ థాట్ కేసులో 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మొత్తం చదివాను. భార్యకు పదిహేనేళ్ళు నిండితే చాలు, భర్త బలవంతం చేసినా అది అత్యాచారం కాదని మన శిక్షాస్మృతిలో అప్పటిదాకా ఉంది. ఒక స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కి ఆ పదిహేనును పద్దెనిమిది చేయించింది. చదివాక చాలా రాత్రులు అదే ఆలోచన.

ఇలాంటి పనిలోకి వెళ్ళాలని ఉంది. కానీ ఈ సంస్థల వెనక ఉండే మనుషులెవరో, రోజూ ఏం చేస్తారో నాకు అంతుపట్టడం లేదు. వెబ్‌సైట్లలో ఫొటోలు, హోదాలు ఉంటాయి, అంతే. కొత్త లాయర్‌ని తీసుకుంటారా? తీసుకుంటే ఢిల్లీలో పిటిషన్లు రాయిస్తారా, ఊళ్ళు తిప్పుతారా? జీతం ఎలా ఉంటుంది? నాన్నేమో ఎవరైనా సీనియర్ దగ్గర సివిల్ ప్రాక్టీస్‌లో చేరమంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఈ రంగంలో నిజంగా పనిచేసినవాళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, ప్లీజ్.

ఢిల్లీ తెలుగు:

ఆ కేసు నేపథ్యం నాకు తెలిసినంత చెప్తాను. ఇండిపెండెంట్ థాట్ పెట్టింది విక్రమ్ శ్రీవాస్తవ అనే లాయర్. బాలల హక్కులు, చట్టం మీద పనిచేసే సంస్థ. 2013లో పిటిషన్ వేశారు. వాళ్ళ వాదన చాలా సూటిగా ఉంది. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని ఎవరైనా బాలలే. 2013లో శిక్షాస్మృతిని సవరించి సమ్మతి వయసును కూడా పద్దెనిమిది చేశారు. మరి మెడలో తాళి పడినంత మాత్రాన అదే అమ్మాయికి ఆ రక్షణ ఎలా పోతుంది?

దేశంలో 2 కోట్ల 30 లక్షల మంది బాల వధువులు ఉన్నారని, పెళ్ళి అనే వ్యవస్థను కాపాడాలని కేంద్రం వాదించింది. చైల్డ్ రైట్స్ ట్రస్ట్ తరఫున జయనా కొఠారి అనే లాయర్ కూడా కేసులో జోక్యం చేసుకుని వాదించారు. 2017 అక్టోబర్ 11న జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా తీర్పిచ్చారు. ఆ రోజు అంతర్జాతీయ బాలికా దినోత్సవం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో ఆ వయసు పద్దెనిమిదిగానే రాశారు.

పిటిషన్ వేసినప్పటి నుంచి తీర్పు దాకా నాలుగేళ్ళు. అంతకాలం ఒకే ఫైలును పట్టుకుని కూర్చోగలిగే ఓపిక ఉంటే ఢిల్లీ వైపు పని నీకు నప్పుతుంది. ఊళ్ళలో జరిగే పని గురించి ఇక్కడ ఇంకెవరైనా చెప్పాలి, నాకు ఆ అనుభవం లేదు.

నల్లకోటు, పాలమూరు:

చెల్లీ, నేను పాలమూరు వైపు కోర్టుల్లో ప్రాక్టీస్ చేస్తాను. ఇల్లు గడిచేది సివిల్, ఫ్యామిలీ కేసుల మీద. వాటితోపాటు బాల్యవివాహాల మీద పనిచేసే ఒక సంస్థ పంపే కేసులు చూస్తాను. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్లో కూడా ఉన్నాను. కాబట్టి పెద్దగానే రాస్తాను, తీరిగ్గా చదువు.

ముందు మనుషుల గురించి. ఇండిపెండెంట్ థాట్ పెట్టింది లాయరే. కానీ ఈ రంగంలో పేరున్న మిగతావాళ్ళను చూడు. మన హైదరాబాద్ ఎం.వి. ఫౌండేషన్ 1981లో మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరు మీద మొదలైంది. దాన్ని నడిపిన శాంతా సిన్హా గారు ఆయన మనవరాలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో వెట్టిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే పని పట్టుకున్నారు. బడికి వెళ్ళని ప్రతి బిడ్డా బాల కార్మికురాలే అన్నది వాళ్ళ సూత్రం. ఇంటిపని, తమ్ముణ్ణి ఎత్తుకోవడం, పత్తి చేలో పని, ఆ తర్వాత పెళ్ళి, ఆడపిల్ల విషయంలో ఇవన్నీ ఒకే వరసలో వస్తాయి గనక ఆ సూత్రం ఎక్కువగా పనికొచ్చింది ఆడపిల్లలకే అని నా నమ్మకం. ఆవిడకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు మొదటి ఛైర్‌పర్సన్ అయ్యారు.

జోధ్‌పూర్‌లో సారథి ట్రస్ట్ నడిపే కృతి భారతి చదివింది మనస్తత్వశాస్త్రం. పసిపాపగా ఉండగా పెళ్ళి చేసేసిన ఒక అమ్మాయి పెద్దయ్యాక కాపురానికి వెళ్ళనంటే, ఆమె పక్కన నిలబడి 2012లో కోర్టు చేత ఆ పెళ్ళిని రద్దు చేయించారు. తర్వాత ఇంకో కేసులో పెళ్ళే జరగలేదని అబ్బాయి వైపువాళ్ళు బుకాయిస్తే, పెళ్ళినాడు అతని స్నేహితులు ఫేస్‌బుక్‌లో పెట్టిన శుభాకాంక్షలు వెతికి కోర్టులో సాక్ష్యంగా పెట్టారు. అలా వెతకాలన్న ఆలోచన లా కాలేజీలో ఎవరూ నేర్పరు. ఆ పిల్ల ఎలాగైనా బయటపడాలన్న పట్టుదల ఉన్నవాళ్ళకే తడుతుంది.

అంటే లాయర్లు అక్కర్లేదనా? కాదు. చాలా కావాలి. ఎందుకు కావాలో చెప్తాను.

మన దగ్గర బాల్యవివాహం ఆపడం అంటే సాధారణంగా జరిగేదిది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరో ఫోన్ చేస్తారు. ఐసీడీఎస్ సూపర్‌వైజర్, పోలీసులు, పంచాయతీ కార్యదర్శి, సంస్థవాళ్ళు ఆ ఇంటికి వెళ్తారు. కౌన్సెలింగ్ చేస్తారు. పద్దెనిమిది నిండేదాకా పెళ్ళి చేయమని తల్లిదండ్రుల చేత కాగితం మీద రాయించి సంతకాలు తీసుకుంటారు. మర్నాడు పేపర్లో "బాల్యవివాహం అడ్డగింత" అని వస్తుంది. అందరూ ఇంటికి వెళ్ళిపోతారు. పది పదిహేను రోజులు గడిచాక పక్క జిల్లాలో ఏదో గుళ్ళో, తెల్లవారుజామున, నలుగురి మధ్య తాళి కట్టించేస్తారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అలా జరిగిన పెళ్ళి దానంతట అది చెల్లకుండా పోదు. ఆ అమ్మాయి కోర్టుకు వెళ్ళి రద్దు చేయించుకుంటేనే పోతుంది. ఆ హామీ కాగితం పెళ్ళిని ఆపలేదు, చెల్లకుండా చేయలేదు. అదే 13వ సెక్షన్ కింద ముందే మేజిస్ట్రేట్ కోర్టు నుంచి నిషేధ ఉత్తర్వు తెచ్చుకున్నామనుకో, దాన్ని కాదని ఎక్కడ పెళ్ళి చేసినా 14వ సెక్షన్ ప్రకారం అది మొదటి నుంచీ చెల్లదు. పిల్ల మళ్ళీ కోర్టుల చుట్టూ తిరగాల్సిన పని లేదు. అత్యవసరమైతే ఎదుటివాళ్ళకు నోటీసు ఇవ్వకుండానే తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చే అధికారం కూడా కోర్టుకు ఉంది. ఆ దరఖాస్తు ఎవరైనా వేయొచ్చు. అయినా వేసేవాళ్ళు తక్కువ. ఎందుకంటే ఆ సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళిన బృందంలో లాయర్ ఉండరు. నువ్వు అవసరమయ్యేది అక్కడ.

ఇక పెళ్ళి అయిపోయిన పిల్లల సంగతి. రద్దు కోసం అమ్మాయికి ఇరవై ఏళ్ళు నిండేలోగా జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి. మైనర్‌గా ఉంటే సంరక్షకులో, ఆమె మేలుకోరే వ్యక్తో, బాల్యవివాహ నిషేధ అధికారితో కలిసి వేయొచ్చు. పెట్టిన బంగారం, ఇచ్చిన డబ్బు, వస్తువులు తిరిగి ఇప్పించమని అడగొచ్చు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా భరణం అడగొచ్చు. బిడ్డ పుట్టి ఉంటే ఆ బిడ్డ సక్రమ సంతానమే, చట్టం అలాగే రాసింది. ఈ చివరి మాట నేను ప్రతి తల్లికీ రెండుసార్లు చెప్తాను. రద్దు చేస్తే మనవడు ఏమైపోతాడోనన్న భయంతోనే చాలామంది వెనక్కి తగ్గుతారు.

ఇంక కేసు దేని మీద నిలుస్తుందంటే, వయసు రుజువు మీద. నువ్వు మూట్ కోర్టులో ఆర్టికల్ 14, 21 వాదిస్తావు. మా కోర్టులో మాత్రం మొదటి వాయిదా నుంచి చివరి వాయిదా దాకా అమ్మాయికి ఎన్నేళ్ళన్న దాని మీదే నడుస్తుంది. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్‌లో వరస ఉంది. ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. అవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఎదుటి పక్షం ముందు తెచ్చేది ఆధారే. ఆడపిల్ల పెళ్ళికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి సాయానికి పద్దెనిమిది నిండాలి గనక వయసు పెంచి మార్పించిన ఆధార్‌లు కూడా చూశాను.

అందుకే ప్రైమరీ స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పుస్తకం. హెడ్మాస్టర్ గది బీరువాలో, మూలలు చిరిగిన అట్టతో ఉంటుంది. పిల్ల పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. అంకెను దిద్దొచ్చు, అక్షరాల్లో రాసిన తేదీని దిద్దితే కనపడిపోతుంది. మన ఊళ్ళలో ఇంకో చిక్కు ఉంది. బళ్ళు జూన్‌లో తెరుస్తారు గనక, తేదీ తెలియని పిల్లలందరికీ పంతుళ్ళు జూన్ నెలే వేశారు. ఎదుటి లాయర్ సరిగ్గా దాన్నే పట్టుకుంటాడు. ఈ తేదీ అంచనాగా వేసింది, దీన్ని నమ్మకూడదు అంటాడు. అప్పుడు అంగన్‌వాడీ రిజిస్టర్, టీకాల కార్డు, ఆస్పత్రిలో కాన్పయితే అక్కడి రికార్డు, ఒక్కోటీ వెతికి పట్టుకోవాలి.

వెతికేది ఎవరు? నేను కాదు. సంస్థలో ఫీల్డులో పనిచేసే ఒకామె ఉంది. పేరు రాయను. టెన్త్ దాకా చదివింది. అంతకుముందు బట్టలు కుట్టేది. ఏ అంగన్‌వాడీ టీచర్ ఏ ఊరి ఆడపడుచో, ఏ హెడ్మాస్టర్ ఏ పూట బళ్ళో దొరుకుతారో ఆమెకు తెలుసు. ఒక కేసులో టీకాల కార్డు పోయిందన్నారు. ఆమె ఆ పిల్ల అమ్మమ్మగారి ఊరు వెళ్ళి, ఇనప్పెట్టెలో పట్టాదారు పాసుపుస్తకం మధ్య మడతపెట్టి ఉన్న కార్డు తెచ్చింది. కాన్పు అమ్మమ్మగారింట్లో అవుతుంది గనక కార్డు అక్కడే ఉండిపోతుందని ఆమె లెక్క. జడ్జిగారు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. ఏఎన్ఎం రాసిన తేదీలు, వేరువేరు ఇంకులతో, వరసగా ఉన్నాయి. ఒకేసారి కూర్చుని రాసిన కార్డు అలా ఉండదు. దాని మీద ఇంకో ప్రశ్న రాలేదు.

వాయిదా రోజు ఆమె చేసే పని కూడా చెప్పాలి. కోర్టు వరండాలో పిల్లను గోడవైపు కూర్చోబెట్టి తను ఇవతల కూర్చుంటుంది. మేనత్తలు, పెద్దమ్మలు వచ్చి "మీ నాయన తిండి మానేసిండు బిడ్డా" అని ఏడుస్తారు. వాళ్ళు అబద్ధమాడటం లేదు, నిజంగానే ఏడుస్తారు. ఆ ఏడుపు ముందు నిలబడటం పదహారేళ్ళ పిల్లకు ఎంత కష్టమో నువ్వు చూస్తే గానీ తెలియదు. ఆమె వాళ్ళను తిట్టదు, లేపదు. పిల్లకు ఇడ్లీ పొట్లం విప్పి ఇస్తుంది, తిన్నదాకా ఊరుకోదు. మా కేసు పిలిచేసరికి పిల్ల కడుపులో ఇంత తిండి ఉంటుంది, పక్కన ఒక మనిషి ఉంటుంది. సాక్ష్యం నిలబడిందంటే అందులో సగం పుణ్యం ఆమెది.

ఇప్పుడు నువ్వడిగిన జీతం. ఈ సంస్థలు ప్రాజెక్టుల మీద నడుస్తాయి. గ్రాంట్ ఉన్నన్నాళ్ళు జీతం. ప్రాజెక్టు ముగిస్తే నేను చెప్పిన ఆ మనిషి ఉద్యోగం ముగుస్తుంది, కేసు మాత్రం నడుస్తూనే ఉంటుంది. నాకు ఈ రంగంలో కోపం తెప్పించేది ఇదొక్కటే. నిధులిచ్చేవాళ్ళు ఎన్ని పెళ్ళిళ్ళు ఆపారో లెక్క అడుగుతారు. ఆపిన పెళ్ళి ఏడాది తర్వాత కూడా ఆగే ఉందా, ఆ పిల్ల ఇంటర్‌లో చేరిందా, కేసు ఏ దశలో ఉంది, వీటికి డబ్బు ఉండదు. మంచి సంస్థ ఏదో తెలుసుకోవాలంటే ఇంటర్వ్యూలో నువ్వే అడుగు, మూడేళ్ళ కిందట మీరు చూసిన అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది అని. సమాధానం వెంటనే చెప్పగలిగితే అక్కడ చేరు.

మీ నాన్నగారు చెప్పింది కూడా తోసిపుచ్చకు. సీనియర్ దగ్గర సివిల్ పని నేర్చుకుంటే పిటిషన్ రాయడం, డాక్యుమెంట్లు మార్క్ చేయించడం, సాక్షిని ప్రశ్నించడం వస్తాయి. ఆ పని రాని లాయర్ ఎంత మంచి మనసుతో వచ్చినా పిల్లలకు ఉపయోగపడరు.

కస్తూర్బా టీచర్:

నల్లకోటు మేడం చెప్పినవన్నీ నిజం. బడి వైపు నుంచి రెండు మాటలు కలుపుతాను. నేను కేజీబీవీలో, అంటే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో పనిచేస్తున్నాను. మా దగ్గర ఉండేది ఎక్కువగా వలస వెళ్ళేవాళ్ళ పిల్లలు, తల్లో తండ్రో లేని పిల్లలు.

పెళ్ళి సంగతి మాకు ముందే తెలుస్తుంది. దసరా, సంక్రాంతి సెలవులకు ముందు పిల్ల మాట తగ్గిపోతుంది. "మేడం, ఈసారి లీవు ఇంకో వారం కావాలంట" అని తల వంచుకుని చెప్తుంది. చదువు సంవత్సరం మధ్యలో నాన్నో మేనమామో వచ్చి టీసీ అడిగితే ఇంక అనుమానమే అక్కర్లేదు. అలాంటప్పుడు నేను టీసీ ఇవ్వడానికి తొందరపడను. ఎక్కడ చేర్పిస్తున్నారు, ఆ బడి పేరేంటి, ఆ సార్ నంబర్ ఇవ్వండి అని అడుగుతాను. సెలవులు అయ్యాక రాని పిల్ల ఇంటికి ఆ వారంలోనే మనిషిని పంపుతాం. నెల ఆగితే ఆలస్యమైపోతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశం మొత్తం మీద 23.3. మా క్లాసు హాజరుపట్టీ తీసినప్పుడల్లా ఈ అంకె గుర్తొస్తుంది. నలుగురిలో ఒకరు.

కొత్త లాయర్లకు నా మనవి ఒక్కటే. ఏడాదికి ఒకసారి బాలికా దినోత్సవానికి వచ్చి చట్టాల పేర్లు చెప్పి వెళ్ళిపోకండి. మా పిల్లలు మీ ముందు నోరు విప్పరు. రెండో నెల, మూడో నెల కూడా వస్తే అప్పుడు ఒక పిల్ల గేటు దాకా వెనకే వచ్చి, "మేడం, మా అక్కకు..." అని మొదలుపెడుతుంది. చాలాసార్లు ఆ అక్క వేరే ఎవరో కాదు, ఆ పిల్లే.

గోదారి గట్టు:

పక్క జిల్లా గుడికి తీసుకెళ్ళి పెళ్ళి చేస్తారన్న మాట చదివి రాస్తున్నాను. మా వైపు ఇది పాత అలవాటు. 1929లో బాల్యవివాహాలను ఆపడానికి శారదా చట్టం వచ్చింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పెళ్ళికి ఆడపిల్లకు పద్నాలుగు నిండాలన్నారు. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ళ కింద ఉండేది, అక్కడ ఈ చట్టం లేదు. గోదావరి జిల్లాల నుంచి పసిపిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరు కూడా పడింది. మా నాయనమ్మ వాళ్ళ అక్క పెళ్ళి అక్కడే జరిగింది. ఆవిడకు ఆ పెళ్ళిలో గుర్తున్నది రేవు దాటడం ఒక్కటేనట.

సరిహద్దు దాటితే చట్టం అంటదన్న లెక్క అప్పటి నుంచీ ఉంది. మేడం చెప్పిన 14వ సెక్షన్ సంగతి మాత్రం నాకు కొత్త. మా పంచాయతీలో సర్పంచ్ గారికి ఇది చూపిస్తాను.

లా ఫైనలియర్, హనుమకొండ:

అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు ఏం చెప్పాలో తెలియడం లేదు. టీచర్ గారికీ, మిగతావాళ్ళకూ థాంక్స్. ఇంకో ప్రశ్న అడగొచ్చా? అమ్మాయే ఇష్టపడి ఒక అబ్బాయితో వెళ్ళిపోతే? పదిహేడేళ్ళుంటాయి, ఇంటికి రానంటుంది. అబ్బాయి మీద పోక్సో కేసు పెడతారు. అప్పుడు ఈ సంస్థలు ఎవరి వైపు? మా క్లాసులో దీని మీద పెద్ద గొడవే అయింది.

నల్లకోటు, పాలమూరు:

మా సంస్థలోనూ అదే గొడవ. అందరికీ ఒకే అభిప్రాయం లేదు. నాది చెప్తాను.

పోక్సో రాకముందు సమ్మతి వయసు పదహారు. 2012 తర్వాత పద్దెనిమిది. చిన్న పిల్లలను కాపాడటానికి ఆ చట్టం కావాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ వేరే కులం అబ్బాయితో వెళ్ళిన కూతుర్ని వెనక్కి తెచ్చుకోవడానికి తల్లిదండ్రులు అదే చట్టం పట్టుకొస్తారు. ఆ తల్లిదండ్రుల్లోనే కొందరు నెల తిరక్కుండా అదే పిల్లకు తమవాళ్ళ సంబంధం చూసి పెళ్ళి చేయబోతారు, అదీ పద్దెనిమిది నిండకుండానే. కాబట్టి ఫిర్యాదు ఇచ్చింది ఎవరన్నది నేను పక్కన పెట్టేస్తాను. నా క్లయింట్ ఆ అమ్మాయి. ఆమె ఏం చెప్తోందో మొదట ఒంటరిగా వినాలి, అమ్మానాన్నలు లేకుండా, అబ్బాయి తరఫువాళ్ళు లేకుండా. మేజిస్ట్రేట్ ముందు ఆమె ఇచ్చే వాంగ్మూలం ఆమె సొంత మాటల్లో ఉండాలి. ఎవరూ బట్టీ పట్టించకూడదు, మనం కూడా.

ఇంటికి వెళ్ళనంటే బాలల సంక్షేమ సమితి ఆమెను హోమ్‌కు పంపుతుంది. అక్కడ అందరూ మర్చిపోయేది ఆమె చదువు. ఒక అమ్మాయి ఇంటర్ పరీక్షలకు నెల ముందు హోమ్‌కు వచ్చింది. కేసు కాగితాల గొడవలో ఆమె హాల్‌టికెట్ గురించి ఎవరూ అడగలేదు. ఆమే అడిగింది, అదీ చాలా నెమ్మదిగా, అడగకూడనిది అడుగుతున్నట్టు. సమితి ముందు దరఖాస్తు పెట్టి, కాలేజీ నుంచి హాల్‌టికెట్ తెప్పించి, ప్రతి పరీక్షకూ మహిళా కానిస్టేబుల్ తోడు ఉండేలా అనుమతి తీసుకున్నాం. ఎస్కార్ట్ యూనిఫామ్‌లో వద్దు, మామూలు బట్టల్లో రావాలని రాశాం. ఆ వాక్యం లేకపోతే పరీక్ష హాలు బయట ఆమెను అందరూ నేరస్థురాల్ని చూసినట్టు చూసేవాళ్ళు. అన్ని పరీక్షలూ రాసింది. ఆ అబ్బాయితో ఏమైందన్నది ఆమె సొంత విషయం, ఇక్కడ రాయను.

ఢిల్లీ నుంచి వచ్చే పెద్ద తీర్పులు అక్కర్లేదని నేను అనడం లేదు. ఇండిపెండెంట్ థాట్ తీర్పు రాకముందు, భర్త హింస పెడుతున్నాడని పదహారేళ్ళ పిల్ల వస్తే అత్యాచారం సెక్షన్ పెట్టలేక చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళం. 2024 అక్టోబర్‌లో బాల్యవివాహాల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా నేను దరఖాస్తుల్లో వాడుతున్నాను. ఆ కేసు వేసింది కూడా ఒక స్వచ్ఛంద సంస్థే. ఢిల్లీలో ఒకరు నాలుగేళ్ళు కూర్చుంటేనే నాకు ఇక్కడ ఆ కాగితం చేతికొస్తుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. రిజల్ట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. పారా లీగల్ వాలంటీర్లను (లాయర్లు కాకపోయినా జనానికి న్యాయ సాయం అందేలా చూసేవాళ్ళు) ఎప్పుడు తీసుకుంటారో కనుక్కుని, సెక్రటరీ పేరున దరఖాస్తు ఇవ్వు. లా విద్యార్థుల్ని తీసుకుంటారు. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 1987 చట్టం 12వ సెక్షన్. వచ్చినవాళ్ళకు ఆ దరఖాస్తు నింపి పెట్టడంతో మొదలుపెట్టు. హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి సెంటర్‌కు కూడా వెళ్ళి అక్కడి లీగల్ కౌన్సెలర్‌తో మాట్లాడు. హైదరాబాద్ వస్తే ఆడవాళ్ళ కోసం పనిచేసే భూమిక హెల్ప్‌లైన్ వాళ్ళను కలువు. 2006 నుంచి నడుపుతున్నారు, కొండవీటి సత్యవతి గారి చొరవతో మొదలైంది. ఫోన్‌లో ఏడుస్తున్న మనిషితో ఎలా మాట్లాడాలో వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు.

పాలమూరు వైపు రాగలిగితే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు. ఈ నెలలో రెండు రద్దు పిటిషన్లు వాయిదాకు ఉన్నాయి. అడ్మిషన్ రిజిస్టర్లు సర్టిఫై చేయించి తేవాల్సిన పని ఉంది, నేను చెప్పిన ఆ ఫీల్డు ఆమెతో పాటు వెళ్దువుగానీ. ఎండగా ఉంటుంది, నీళ్ళ సీసా తెచ్చుకో. మధ్యాహ్నం రెండు దాటితే ఆ ఊరికి బస్సు లేదు.